మొదటి నలభై కిలోమీటర్లు

సైమి టైరుని బల్ల మీద పడేసింది. దాని పక్కన, కోటు జేబులోంచి మూడు ఇనుప మేకులు తీసి వరసగా పెట్టింది.

"పద్నాలుగు ఊడిపోయాయి. మూడు దొరికాయి. మిగతావి గడ్డకట్టిన ఏటి మీద మంచులో ఉన్నాయి. నా మోచేతి తోలు కూడా అక్కడే ఉంది," అంది.

యాల్మరి టైరు తిప్పి చూశాడు. ఊలు అనే ఆ మంచుదేశపు పట్టణంలో ఆ సైకిళ్ళ కొట్టు అతనిది. మంచు మీద జారకుండా మేకులు దిగ్గొట్టిన ఈ టైర్లు వారం కిందట ఆమెకి అమ్మింది అతనే.

"కొత్త మేకుల టైరండీ ఇది. మొదటి నలభై కిలోమీటర్లు గట్టి రోడ్డు మీద మెల్లిగా తొక్కాలి. సడన్ బ్రేకు వెయ్యకూడదు. అప్పుడే మేకులు రబ్బరులో కుదురుకుంటాయి. ఏటి మీద మంచుదారి ఆ తరవాతే."

"ఈ ముక్క అమ్మిన రోజు చెప్పారా?"

"కాగితంలో ఉంది."

"ఆ కాగితం ఎక్కడుంది?"

యాల్మరి సొరుగు లాగాడు. కాగితం అందులోనే ఉంది.

పదేళ్ళుగా టైరు కొన్న ప్రతివాళ్ళకీ ఈ మాట పాఠంలా అప్పజెప్పినవాడు. ఆ రోజు ఆమె టోపీ తీసి, కనురెప్పల మీది మంచు తుడుచుకుని, "జారని టైర్లు కావాలి," అనేసరికి పాఠం కాస్తా మరిచిపోయాడు. ఇది బల్లకి అటుపక్క నిలబడినవాళ్ళకి చెప్పుకునే సంగతి కాదు.

"మేకులు నేనే కొట్టి ఇస్తాను. డబ్బులొద్దు," అన్నాడు.

"మళ్ళీ బ్రేకు వేస్తే?"

"నేను ముందు తొక్కుతాను. మీరు వెనక రండి. నాకంటే జోరుగా పోకపోతే చాలు."

సైమి అతన్ని ఎగాదిగా చూసింది. "ఆరున్నరకి వంతెన దగ్గర," అంది.

సైమి బడి వంటగదిలో పనిచేస్తుంది. వంతెన నుంచి బడికి సరిగ్గా నాలుగు కిలోమీటర్లు. అంటే పది పొద్దులు. యాల్మరి ఈ లెక్క మొదటి రోజే వేసుకున్నాడు, వేసుకుని దిగులుపడ్డాడు.

మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో, చీకట్లో, ఇద్దరూ నత్తకి నడక నేర్పుతున్నట్టు వెళ్ళేవాళ్ళు. మూడో రోజు ఒక ముసలావిడ మంచు మీద కాలితో తోసుకుంటూ పోయే స్లెడ్జి బండి మీద వాళ్ళని దాటేసి పోయింది.

"ఆవిడకి ఎనభై ఉంటాయి," అంది సైమి వెనకనుంచి.

"ఎనభై రెండు. మా అమ్మమ్మ."

"పలకరించలేదేం?"

"ఆదివారం పలకరించాను."

కిలోమీటరు గడిచాక సైమి, "మీరు ఎప్పుడూ ఇంతేనా?" అంది.

"ఎంత?"

"ఇంత."

"ఇవాళ కాస్త ఎక్కువ మాట్లాడాను."

ఆరో రోజు ఆమె దాల్చినచెక్క బన్ను తెచ్చింది. బడి గేటు దగ్గర నిలబడి చెరి సగం తిన్నారు. బన్ను గడ్డకట్టుకుపోయి పలకలా ఉంది. ఇంత రుచైన బన్ను తన జన్మలో తినలేదని యాల్మరి అనుకున్నాడు. పైకి మాత్రం, "గట్టిగా ఉంది," అన్నాడు.

"మీ మొహం కంటే నయమే," అంది సైమి.

పదో రోజు గేటు దగ్గర ఆగి, "నలభై అయిపోయింది," అంది.

"అరవై అయితే మంచిది," అన్నాడు యాల్మరి. అబద్ధం ఆడటం అలవాటు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. చలి పుణ్యమా అని అవి ముందే ఎర్రగా ఉన్నాయి.

"కాగితంలో నలభై అని ఉంది కదా?"

"ఆ కాగితం పాతది."

అరవై కూడా అయిపోయింది. ఎనభై అనడానికి ధైర్యం చాల్లేదు. "ఇక మీరు ఏటి మీద వెళ్ళొచ్చు," అన్నాడు. సైమి ఒక్క క్షణం ఆగి, "సరే," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత నాలుగు రోజులు యాల్మరి బతికే ఉన్నాడు, అంతే. ఆరున్నరకి వంతెన మీద నిలబడేవాడు. ఏటి మీద సైకిలు దీపం ఒకటి జోరుగా దూరమైపోయేది. ఉన్న నోరు వాడుకోనివాడికి మూగవాడి మీద జాలిపడే అర్హత లేదని తనని తాను తిట్టుకున్నాడు.

అయిదో రోజు సైమి కొట్టులోకి వచ్చి టైరు బల్ల మీద పెట్టింది. ఈసారి పడేయలేదు.

"తొమ్మిది ఊడిపోయాయి," అంటూ మేకులు వరస పెట్టింది. తొమ్మిదీ ఉన్నాయి.

యాల్మరి ఒక మేకు తీసి దీపం కింద చూశాడు. తల మీద పళ్ళ గాట్లు. రెండోదీ అంతే.

"వీటిని ప్లయర్‌తో పీకారు."

"అవును."

"మంచి ప్లయరే."

"మా నాన్నది," అంటూ సైమి ప్లయర్ కూడా బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ఊళ్ళో పుట్టినదాన్ని. నలభై సంగతి నాకు తెలియదా? ఆవేళ కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాను. తప్పు నాదేనని చెబుదామనుకుంటుంటే మీరు సొరుగు తీసి ఎర్రబడ్డారు. సరేలే అని ఊరుకున్నాను."

"అరవై అన్నది అబద్ధం," అన్నాడు యాల్మరి.

"తెలుసు. ఎనభై అంటారేమోనని చూశాను. అనలేదు. అందుకే ఇది."

యాల్మరి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచీ. కాగితం ఇవ్వడం మరిచిపోయింది అందుకే."

"నాకూ ఇష్టమే," అంది సైమి. "పొద్దున్నే ఆరున్నరకి. పక్కన తొక్కు, ముందు కాదు."

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన తన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. "నేను ఎస్కోని. సైమి నాన్నని. నా ముందు టైరుకి నాలుగు మేకులు లేవు. మేకులు పీకడం మా అమ్మాయి ముందు దీని మీద అలవాటు చేసుకుంది."

యాల్మరి నాలుగూ కొట్టి ఇచ్చాడు.

"నన్ను కూడా నలభై కిలోమీటర్లు వెంటబెట్టుకుని తిప్పుతావా?"

"అక్కర్లేదండీ," అంటూ యాల్మరి సొరుగులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఎస్కో దాన్ని అటూ ఇటూ తిప్పి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"శనివారం అయిదింటికి మా ఇంట్లో ఆవిరిస్నానానికి సౌనా గది వేడిచేస్తాం. రా," అన్నాడు. "నా ప్లయర్ తీసుకురా. నా చేతికే ఇయ్యి, మా అమ్మాయికి మాత్రం ఇవ్వకు."