చేప తెచ్చినవాడు రేటు చెప్పకూడదు

సింధూరి నాతో అన్న మొదటి మాట, "మీరు కాసేపు కూర్చోండి" అని. అన్నది కూడా ఇరవై ముగ్గురి ముందు.

2017 జూలైలో ఒక ఆదివారం. విజయనగరంలో వాళ్ళ నాన్నగారి ఇత్తడి సామాన్ల కొట్టు మేడమీద గది. నేను రాసిన 'కెరటం' అనే ఫోన్ యాప్‌కి వాలంటీర్లు కావాలంటే వచ్చినవాళ్ళు ఆ ఇరవై ముగ్గురూ. సముద్రం మీద గాలి ఎటు, అల ఎంత ఎత్తు అన్నది మా చేపల వేటగాళ్ళ మాటల్లోనే చెప్పే యాప్ అది. ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, బాగుచెయ్యొచ్చు. ఎవరికీ జీతం లేదు. ఇంత ముక్క చెప్పడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. వెనక వరసలో కొండబాబు అనే కుర్రాడు గురక పెట్టాడు.

అప్పుడు లేచింది ఆ అమ్మాయి.

"మీరు కాసేపు కూర్చోండి ఎల్లాజీ గారూ. సముద్రం ఒడ్డునించి వచ్చినవాళ్ళు ఎవరు? మీరు మీ ఊళ్ళలో గాలుల పేర్లు అడిగి రాసుకురండి. ఎస్.కోట కాలేజీ వాళ్ళు రోజూ యాప్ వాడి తప్పులు పట్టండి. కొండబాబూ, ఆదివారం పొద్దున్నే అందరికీ ఫోన్ చేసి లేపే పని నీది."

పది నిమిషాల్లో అందరికీ పని దొరికింది. నాకు మాత్రం ఉన్న పని పోయింది. నిజానికి కోపం రావాలి. రాలేదు. వాన మొదలైతే ఆమె కిటికీ మూయడానికి వెళ్ళింది, చెంపమీద ఓ చినుకు నిలిచింది. అది తుడుచుకుంటుందా లేదా అని నేను పనిగట్టుకుని చూశాను.

ఆ తర్వాత రోజూ ఫోన్లో తగువే.

"మీ యాప్‌లో బటన్ కనపడట్లేదండి."

"కళ్ళజోడు ఎట్టుకోండి."

"ఎట్టుకునే సూస్తన్నాను. ఎట్టాల్సింది మీ యాప్‌కి."

అయిదు నెలల్లో ఇరవై ముగ్గురు డెబ్భై మంది అయ్యారు. అది నా కోడ్ గొప్పతనం కాదు, ఆమె పిలిచే తీరు. ఆమె ఫోన్ రాని రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆ సంగతి ఆమెకి చెప్పే ధైర్యం మాత్రం లేదు.

డిసెంబరులో విశాఖనించి మెయిల్ వచ్చింది. అక్కడ ఓపెన్ సోర్స్ వాళ్ళ సభ. కెరటం తరఫున ఒకరు మాట్లాడాలి, సాయంత్రంలోగా పేరు పంపండి అని. సింధూరి పేరే రాయబోయాను. విశాఖ దాకా ఒక్కర్తినీ వాళ్ళ నాన్నగారు పంపరేమో అనిపించింది. నా పేరు రాసి పంపేశాను.

మర్నాడు పోస్టరు చూసి ఫోన్ చేసింది.

"ఎవరినడిగి మీ పేరు పంపేరు?"

"మీ నాన్నగారు పంపరేమో అని..."

"మా నాన్ననడిగేరా?"

"లేదు."

"నన్నడిగేరా?"

"లేదు."

"పోనీ, గ్రూపులో ఒక్కరిని?"

దానికీ లేదనే చెప్పాను.

"మీరు వెళ్తే నాకేటీ బాధ లేదండి. నా బదులు మీరే వద్దనేసుకున్నారు సూడండి, అదీ బాధ. ఈ ఆదివారం దాకే నేను. తరవాత మనుషుల్ని మీరే సూసుకోండి."

శనివారం పొద్దున్న మా పల్లె ఒడ్డున దిగులుగా కూర్చున్నాను. అయ్య తెప్ప దిగి, వల దులుపుకుని, దూరంగా బీడీ ముట్టించాడు. అమ్మ లక్ష్మణమ్మ వంజరం చేపల బుట్ట ముందు నిలబడి కొనేవాళ్ళతో వేలంపాట పాడించింది. బుట్ట ఖాళీ అయ్యాక నా ముఖం చూసి నిలదీసింది. అంతా చెప్పేశాను.

"ఒరే, మీ అయ్య ఎప్పుడైనా పాటలో నోరిప్పేడేటి?"

"లేదు."

"మూగోడై కాదు కదా. సేప తెచ్చినోడు రేటు సెప్పకూడదురా. పడ్డ కష్టం గుర్తొస్తే కొండెక్కించి సెప్తాడు, సిగ్గేస్తే సగానికి సెప్తాడు. పదిమందితో మాటాడినోళ్ళకే జనానికేటి కావాలో తెలస్తాది. ఆ పిల్లకి తెల్సు. నీకు తెల్దు. పో, సెప్పు ఆ మాట."

ఆదివారం మేడమీదకి నలభై మంది వచ్చారు. సింధూరి వాలంటీర్ల పేర్ల పుస్తకం నా ముందు పెట్టి పక్కకి జరిగింది. వాళ్ళ నాన్నగారు ధర్మారావు గారు టీలు పట్టుకుని పైకొచ్చారు. నేను లేచాను.

"తప్పు సేసేను. ఎవర్నీ అడక్కుండా నా పేరు పంపేను. మీటింగ్‌లో తేల్చి సెప్తామని విశాఖకి మళ్ళీ రాసేను. మా పల్లెలో ఒక పద్ధతుంది. సేప తెచ్చినోడు రేటు సెప్పడు. ఈ యాప్ తెచ్చినోణ్ణి నేను. దీని తరఫున సింధూరి గారు మాటాడాల. ఒప్పుకున్నోళ్ళు సెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. కొండబాబు రెండూ ఎత్తాడు.

"ఒక్కరికి ఒక్క చెయ్యే" అంది సింధూరి. "సరే, వెళ్తాను. కానీ ఇకమీద ఎవరు మాటాడాలన్నా ఇలగే తేలాల. నేనైనా సరే, ఏడాదికోసారి అడగాల."

నా వైపు మాత్రం చూడలేదు.

ధర్మారావు గారు నాకు టీ గ్లాసు అందించారు. "మీ పద్ధతి బాగుంది బాబూ. మరి సేప తెచ్చినోడి తరఫున మాటాడేది ఎవరు?"

"ఆడి పెళ్ళామండి."

అన్నాకగాని ఏమన్నానో నాకు తెలియలేదు. నా ఉద్దేశం అది కాదండీ అనబోయాను. అది అబద్ధం. పైగా మళ్ళీ ఆమెని అడక్కుండా ఆమె బదులు నేనే వద్దనేసుకున్నట్టు అవుతుంది. గ్లాసు కింద పెట్టాను.

"సింధూరి గారూ, ఈసారి అడుగుతన్నాను. మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి సేసుకుంటారా?"

కొండబాబు చేతులు రెండూ లేచాయి.

"దించు కొండబాబూ" అంది సింధూరి. ముఖం కందిపోయింది. "ఇది మీటింగ్‌లో తేలేది కాదు. నేనొక్కర్తినే తేల్చుకోవాల." ఇప్పుడు చూసింది నా వైపు. "తేల్చుకున్నాను. సేసుకుంటాను."

అందరం ధర్మారావు గారి వైపు తిరిగాం. ఆయన కూతుర్ని చూశారు, నన్ను చూశారు, ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటీ ట్రేలో సర్దుకున్నారు.

"విశాఖకి నేను పంపననుకున్నావేటి? దీన్ని ఆపడం వాళ్ళమ్మ వల్లే కాలేదు" అన్నారు. మెట్ల దాకా వెళ్ళి ఆగారు. "పై ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా బాబూ. మీ ఇంటి తరఫున మాటాడేది ఆవిడే కదా."