గ్యాస్ బండీ, పడవ బిరడా

"అమ్మా, రేపు గ్యాస్ బండి తెత్తన్నాను!" అని వాసు వాకిట్లోంచి కేకేస్తే, లోపలున్న కాసులమ్మకు ‘గ్యాస్ బండ’ అని వినిపించింది. సంబరపడిపోయి వంటింటి మూలనున్న కట్టెలన్నీ పెరట్లో పారేసింది! కోడలు సీతాలుకు మాత్రం మాట సరిగ్గానే వినిపించింది, గ్యాసుతో నడిచే వ్యాను అని... గుండె జారిపోయింది!

జాలరిపేటలో వాళ్లకున్నది ఒక్క ఫైబరు పడవ. వేట నిషేధం రాగానే దాన్ని ట్రైలర్ మీద రిపేరు షెడ్డుకు లాక్కెళ్లాలి, నిషేధం తీరగానే తిరిగి తేవాలి.

"ఏడాదికి రెండు మాట్లు లాగడానికి డీజిలు బండెందుకు? మిగతా రోజులన్నీ సేపల గంపలే గదా!" అంటాడు వాసు.

"గ్యాసు పొయ్యికి బావుంటది బావా, పడవకి కాదు! డీజిలుంటే దిగులుండదు" అంటాడు సీతాలు అన్న దొరబాబు. అతనికో డీజిలు జీపుంది మరి.

"మావా... నాకు బయవేత్తంది. ఆ బండొద్దు!"

"నీకు బయం లేందేటుందే సీతాలూ?" వాసు నవ్వేశాడు.

ఆమె నవ్వలేదు. కిందటేడు పడవ అడుగు కన్నానికి బిరడా పెట్టడం మరిచి వేటకెళ్లి, పడవ నిండా నీళ్లొచ్చి, చావు తప్పి ఈదుకొచ్చిన మనిషి వాసు! ఆ రోజు ఒడ్డున నిలబడి ఎన్నిసార్లు చచ్చి బతికిందో ఆమెకే తెలుసు...

తెల్లారింది. వ్యాను వచ్చింది. నిషేధం మొదలై ఒడ్డునే ఉన్న పడవను షెడ్డుకు చేర్చడానికి ట్రైలర్ తగిలించారు. దొరబాబు స్టీరింగు పట్టాడు, వాసు వెనకనుంచి తోస్తున్నాడు. ఇసుకలోంచి బీచిరోడ్డుకు ఎక్కే ఏటవాలు సగంలో వ్యాను రొప్పింది, వణికింది... అమ్మో! వెనక్కి జారింది! ఆ బండి లాగనూ లేదు, ఆగనూ లేదు! వాసు వెనక సిమెంటు గోడ... ముందు పడవ!

"మావా!"

పడవలు దొర్లించే దుంగ ఒకటి పక్కనే పడుంది. సీతాలు దాన్ని ఎత్తి చక్రం కిందకు నెట్టింది. ట్రైలర్ ఆగింది... వాసు రొమ్ముకు జానెడు దూరంలో!

"సెప్పాను కదరా బావా, గ్యాసని!" దొరబాబు కిందకు దూకాడు. అంతలో పడవలో ఏదో చప్పుడు... బుడుంగుమని! లోపలికి చూసి తెల్లబోయాడు. మోకాటి లోతు నీళ్లు! మూడు రోజుల కిందటి వానవి! "ఒడ్డున పెట్టిన పడవకి బిరడా ఎవులు బిగించారు?"

ఒడ్డుకు రాగానే బిరడా తీసేసి నీళ్లు పోనివ్వడం పేటలో పసివాళ్లకు కూడా తెలుసు. అరుపులు విని కాసులమ్మ కూడా పరుగెత్తుకొచ్చింది. సీతాలు ఇసుకలో కూలబడింది.

"నానే... మావ మళ్లీ మర్సిపోతాడేమోనని... ఒడ్డుకొచ్చిన పెతిసారీ గుడ్డ సుట్టి నానే బిగించేత్తన్నాను! అత్తా, నా బయవే నా మొగుడి మీదకొచ్చింది!"

దొరబాబు బిరడా లాగాడు. నీళ్లు బుడబుడా పోయాయి. ఈసారి అదే వ్యాను పడవతో సునాయాసంగా రోడ్డెక్కేసింది.

వాసు భార్య పక్కన చతికిలబడ్డాడు. "నాను మర్సిపోయినోణ్ని... నువ్వు మర్సిపోలేనిదానివి. సేపలకి ఈ గ్యాస్ బండే వాడతాను సీతాలూ. పడవ లాగే రెండ్రోజులూ మాత్రం బావ జీపే. సరేనా?"

"గ్యాస్ బండి అంటే... ఇదేట్రా?" కాసులమ్మ వ్యాను వైపు చూసి నోరు తెరిచింది. "నాను వంటకనుకున్నాను! నా కట్టెలు!"

అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. కాసులమ్మ నవ్వలేదు. దొరబాబు చేతిలోని బిరడా తీసుకుని కోడలి కొంగున ముడేసింది.

"యేటకెళ్లే ముందు నీ సేత్తోనే పెట్టమ్మా. ఒడ్డుకొచ్చాక నీ సేత్తోనే తియ్యి. అది నీ కొంగు దాటకుండా ఈడు నీల్లలో దిగడు!"