చుట్టాల పడవలు ఎర్రబడిన రోజు

తేలుపురంలో జనం పొద్దున్నే లేచి సముద్రం మొహం చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. వంటింటి గోడమీద కడలికన్ను దీపాన్ని చూస్తారు. ఆకుపచ్చగా ఉంటే పిల్లల్ని బడి పడవ ఎక్కిస్తారు, ఎర్రగా ఉంటే తలుపులు బిగించుకుంటారు. పాత రేవులన్నీ మునిగిపోయి, నీళ్ళమీద తేలే పట్నాలు కట్టుకున్న కాలం అది. చుట్టూ ప్రహరీ కట్టుకుందామంటే నేలేదీ? అందుకని సముద్రం మీద ఒక కన్నేసి ఉంచారు.

ఆ కన్నును తయారుచేసింది మైలపల్లి కుందన. గుమ్మడికాయల్లా తేలే వేల బోయాలూ, వాటన్నిటినీ కలిపే ఒక యంత్రమేధా. ఏ పడవ రేడియోలో ఏం చెప్పింది, నిజానికి ఏం చేసింది అన్నవి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. మాటకీ చేతకీ మధ్య తేడాకి కుందన ‘దాపరికం’ అని పేరు పెట్టింది. దాపరికంతో పాటు పెరిగే అంకె ‘వైరసూచి’. సూచి ఎర్రగీత దాటిందా, దగ్గర్లో ఉన్న కాపలా పడవలోంచి నీటిముళ్ళు, అంటే వెతుక్కుంటూ వెళ్ళి తగిలే చిన్న టార్పెడోలు, వాటంతటవే బయల్దేరతాయి. బతిమాలినా బామాలినా ఆగవు, తయారుచేసినామె చెప్పినా సరే; సూచి పెరుగుతుండగా లెక్క మార్చడమూ కుదరదు. మనుషులకు మొహమాటాలెక్కువని ఆమే పట్టుబట్టి అలా రాసింది.

పగడపల్లి వాళ్ళు తేలుపురానికి నేస్తాలు, పైగా వియ్యంకులు. కుందన అక్కని అక్కడి కాపలా పడవ కెప్టెన్ చోడిపల్లి తాతారావుకే ఇచ్చారు. తేలుపురానికి రాత్రింబవళ్ళు కాపలా కాసే పడవల్లో సగం పగడపల్లివే. ఇక రెండు పట్నాలకీ పడనిది నల్లదిబ్బ. బియ్యం ఓడలు రావలసిన పాముగండి దాని గుప్పిట్లో ఉంది మరి. గండి మూసేశాక తేలుపురంలో ఒంటిపూట అన్నమే గతయింది.

ఆ మధ్యాహ్నం కుందన, రాయబారి గనగళ్ళ దానయ్యతో కలిసి నల్లదిబ్బ నుంచే తిరిగి వస్తోంది. ముళ్ళున్న కాపలా పడవే అది, అందులో ఇద్దరే.

“గండి తెరుస్తామన్నారు కదా మావయ్యా, పగడపల్లికి ఇప్పుడే చెప్పేద్దాం.”

“నోరు జారకమ్మా,” దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇంకా సంతకాలు కాలేదు. కుదరకముందే చాటుకుంటే దిష్టి తగుల్తుంది. కుదిరాక మిఠాయి పంచుతూ చెబుదాం. వాళ్ళకి పీతల పరిశోధనకి వెళ్తున్నామని రేడియోలో చెప్పే వచ్చాను.”

నల్లదిబ్బ రేవు పెద్దామె అడిగింది ఒక్కటే. “మీ కన్ను మమ్మల్నే కొలుస్తుంది, మీ చుట్టాల్ని వదిలేస్తుంది. అందర్నీ ఒకే చూపు చూడమనండి, గండి తెరుస్తాం.” న్యాయమే కదా అనిపించి, కుందన అక్కడికక్కడే తమ పడవలకీ చుట్టాల పడవలకీ ఉన్న మినహాయింపు తీసేసింది.

మూసి ఉన్న పాముగండి గేటు పక్కనుంచి సాగారో లేదో పడవలో గంట మోగింది.

“కుందనగారూ, దగ్గర్లో ఒక శత్రు పడవ ఉంది,” అంది కడలికన్ను.

“ఎక్కడ?”

“మీరు కూర్చున్నది అదే. పీతల కోసమన్నారు. వల లేదు, బుట్ట లేదు, పీత లేదు.”

కుందన తెర వైపు చూసింది. నల్లదిబ్బ పడవలన్నీ ఆకుపచ్చ చుక్కలై మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ కన్ను తమమీదే ఉందన్న భయంతో వాళ్ళు చెప్పిందే చేశారు, చేసిందే చెప్పారు. ఎర్రగా ఉన్నవి రెండే రెండు. ఒకటి తమది. రెండోది ఎదురుగా వస్తున్న తాతారావుది.

“బావ పడవకేమైంది?”

“గంట కట్టిన బోయా బాగుచెయ్యడానికని చెప్పి ఇంకెక్కడికో వెళ్ళొచ్చారు. ఎక్కడికన్నది పొరుగువాళ్ళకి చెప్పొద్దని మీరే రాశారు. ఇద్దరికీ గీత దగ్గరపడింది. కాసేపట్లో మీ ముళ్ళు ఆయన మీదకి, ఆయన ముళ్ళు మీమీదకి వెళ్తాయి.”

కుందన రేడియో మైకు అందుకుంది. తన చేత్తో రాసిన లెక్క తన అక్క పసుపుకుంకుమల మీదకొచ్చింది. రేడియోలో తాతారావు గొంతు వినిపించింది.

“ఏం మరదలా, నీ పీతలు నామీదకి ముళ్ళు లేపుతున్నాయేంటి?”

దానయ్య మైకు లాక్కున్నాడు. “ఇంజను పాడైంది బాబూ, దారి తప్పి ఇటొచ్చాం.”

సూచి ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఇంజను గుర్రుమని పనిచేస్తూనే ఉందాయె.

“ఇంక చాలు మావయ్యా,” కుందన మైకు తీసుకుంది. నిజం చెబితే పగడపల్లి అలిగి కాపలా పడవల్ని వెనక్కి పిలుచుకోవచ్చు. తేలుపురం దిక్కులేనిదైపోవచ్చు. అయినా చెప్పింది. “బావా, పీతలూ లేవు, పరిశోధనా లేదు. గండి గురించి మాట్లాడ్డానికి నల్లదిబ్బ వెళ్ళొస్తున్నాం. చెబితే మీరు మమ్మల్ని వదిలేస్తారని భయపడ్డాం. చెప్పకపోవడం మాదే తప్పు.”

అంకె దిగింది. వాళ్ళ పడవ పచ్చబడింది. తాతారావుది మాత్రం ఎర్రగానే ఉంది.

“బావా, ఇప్పుడు నా పడవలో ముళ్ళు నీవైపు తిరిగి ఉన్నాయి. ఆపడం నా వల్ల కాదు. అక్క మొహం చూసైనా నోరు విప్పు.”

“గంట బోయా లేదు, గాడిదగుడ్డూ లేదు,” అన్నాడు తాతారావు ఎట్టకేలకు. “మొన్న మా పెద్దాయన్ని నేనే నల్లదిబ్బలో దింపొచ్చాను. మీరు ముందు చెయ్యి కలిపేస్తే మేం ఒంటరైపోతామని మా బెంగ. కుదిరాక మీకు చెబుదామనుకున్నాం.”

రెండో చుక్క కూడా పచ్చబడింది. దానయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“వాళ్ళొచ్చిన సంగతి ఆ పెద్దామె మనతో అననేలేదే?”

“మనం అడిగితే కదా మావయ్యా.”

తాతారావు తన పడవని పక్కకి తెచ్చి తాడు విసిరాడు. సంతకాలకి మూడు పట్నాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని అక్కడే అనుకున్నారు. ఆ మాట నల్లదిబ్బకి దానయ్యే స్వయంగా, అందరూ వినే రేడియోలో చెప్పాడు. జవాబుగా గండి గేటు ఎత్తుతున్న చప్పుడు నీళ్ళమీదుగా వినిపించింది. బయట ఎన్నాళ్ళుగానో లంగరేసి ఉన్న మొదటి బియ్యం ఓడ నెమ్మదిగా కదిలింది. చూస్తూ చూస్తూ కుందన కళ్ళు తుడుచుకుంది.

“ఎలాగూ ఇంతదూరం వచ్చావు, ఇంటికొచ్చి వంజరం పులుసు తినెళ్ళు,” అన్నాడు తాతారావు. “మీ అక్కకి కబురు పెట్టనా?”

“వద్దు బావా. చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడతా. నువ్వు కూడా ఏమీ తెలీనట్టుండు.”

పడవలో దీపం ఆకుపచ్చ నుంచి మెల్లగా పసుపురంగుకి, ఎరుపుకి ముందు మెట్టుకి, తిరిగింది.

దానయ్య దీపాన్ని చూశాడు, కుందనని చూశాడు, గొంతు సవరించుకున్నాడు. “దిష్టి సంగతి తర్వాత చూసుకుందాం గానీ, ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యమ్మా.”