రత్నం ఆస్పత్రి

మా దీవుల్లో చీకటి తొందరగా పడుతుంది. మెయిన్‌ల్యాండ్‌లో పిల్లలు బడి నుంచి ఇల్లు చేరే వేళకి మేమిక్కడ దీపాలు వెలిగించుకుంటాం. భీమిలి నుంచి పెళ్ళై వచ్చి ఓడ దిగిన కొత్తలో అది నాకు విచిత్రంగా ఉండేది. గడియారం సాయంత్రమంటుంది, ఆకాశం రాత్రంటుంది. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కటే, నా సవతి.

ఆవిడ నేను రాకముందే చచ్చిపోయింది.

మా ఆయన కన్నారావుది పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురు ఒడ్డున, బాంబూఫ్లాట్ అవతల చేపలోళ్ళ వాడ. ఆయన మొదటి పెళ్ళాం నూకరత్నం. నెలలు నిండి నొప్పులొస్తే, పెద్దాస్పత్రి ఉన్న అవతలి ఒడ్డుకి, చాతం వెళ్ళే ఫెర్రీ కోసం ఆవిణ్ణి జెట్టీ మీద పడుకోబెట్టారట. ఆ రోజు సముద్రం బాగాలేదు, ఫెర్రీ కదల్లేదు. కడుపులో బిడ్డతోనే పోయింది. వాడంతా ఏకమై గొడవ చేస్తే ఆఫీసర్లు జీపుల్లో వచ్చారు. ఇకమీదట ఏ ఆడదీ పురుటికి సముద్రం దాటక్కర్లేదనీ, గుట్ట మీద ఆస్పత్రి కడతామనీ చెప్పి కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు.

కట్టడం మొదలుపెట్టారు కూడా. సిమెంటు ఓడ మీద రావాలి. ఓడ వచ్చేసరికి వానలు. వానలు తగ్గేసరికి సిమెంటు రాయైపోయింది. మళ్ళీ తెప్పించేసరికి మార్చి దాటి సొమ్ము వెనక్కి పోయింది. ఒక కాంట్రాక్టరు పోయి ఇంకొకడు వచ్చాడు. ఉన్న సొమ్ము చాలదని వాడు రాసిచ్చాడు, ఆ కాగితం ఏ ఆఫీసులోనో నిద్రపోయింది. గోడలు లేచాయి గానీ కప్పు పడలేదు. ఒక్క కాన్పుల గదికి మాత్రం స్లాబు వేశారు. ఆ గదిలోకి ఒక మంచం కూడా వచ్చింది. ఇనప కాళ్ళు, నల్ల రెగ్జిన్ పరుపు, కాళ్ళు ఎత్తి పెట్టుకోవడానికి చెరోవైపూ కొక్కాలు. డాక్టరు లేడు, నర్సు లేదు, తలుపు లేదు. మంచం ఉంది. దేనికి డబ్బు చాలుతుందో దేనికి చాలదో ఆ పైవాళ్ళకే తెలియాలి.

ఆస్పత్రికి పేరు పలక లేదు. కానీ అందరూ దాన్ని రత్నం ఆస్పత్రి అనేవారు. బస్సు కండక్టరు రాంచీ మనిషి, వాడికి రత్నం ఎవరో కూడా తెలియదు. వాడు సైతం మా మలుపు దగ్గర "రత్నం అస్పతాల్! ఉతరో, ఉతరో!" అని గొంతు చించుకునేవాడు. నేను బస్సు దిగిన ప్రతిసారీ సవతి పేరు విని దిగాలి.

బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని కడిగేయొచ్చు. చచ్చినదాన్ని ఏం చేస్తాం? నాకు కడుపు మండిపోయేది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. మా అత్త కాళమ్మ, రత్నం పేరున ఒక బిళ్ళ గుచ్చి నా మెళ్ళో కట్టింది. పెద్ద పెళ్ళాం ఆత్మ చల్లగా ఉండాలట. ఆవిడ చూడనప్పుడు నేను దాన్ని వీపు వైపు తిప్పేసేదాన్ని. పులుసు పెడితే "మా రత్నం సేతి పులుసే వేరు" అనేది. ముగ్గేస్తే "మా రత్నం ముగ్గేస్తే తొక్కబుద్ధయ్యేది కాదు" అనేది. పోనీ మొగుడైనా నా వాడా అంటే, సముద్రం నుంచి రాగానే ముందు ఆ గుట్టెక్కి మంచం చూసొచ్చేవాడు. ఒక వానాకాలం మా ఇంటి కప్పు కారి పొయ్యి ఆరిపోతోంటే, ఉన్న ఒక్క టార్పాలిన్నీ పట్టుకెళ్ళి ఆ మంచానికి కప్పాడు!

"జల్లు కొట్టి మంచం తడిస్తే తుప్పట్టిపోద్దే. రేపు ఎవులో ఒకలు పండాల గదా," అన్నాడు.

"మరి నేను తడిస్తే?" అన్నాను.

"నువ్వు తుప్పట్టవులే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నా కడుపు పండాక కాస్త నెమ్మదించాను. బిడ్డ పుడితే ఈ ఇంట్లో నా మాట ఉంటుంది, ఆవిడ పేరు పక్కకి పోతుంది అనుకున్నాను. నెలలు నిండాక పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి చుట్టాలింట్లో ఉండాలని మాట. ఆ ప్రయాణం ఇంకా పది రోజులుందనగా, వాన పట్టిన ఒక మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి.

ముగ్గురం జెట్టీకి బయల్దేరాం. గుట్ట మొదలు దాకా వచ్చేసరికి నాకు అడుగు పడలేదు. వాన దంచేస్తోంది. మా ఆయన నన్ను మోసుకెళ్ళి ఆ కాన్పుల గదిలో దింపాడు.

"ఇక్కడా? దాని ఆస్పత్రిలోనా?" అన్నాను పళ్ళు బిగబట్టి.

"ఇప్పుడేటే ఆ మాటలు! మంచమ్మీద పండుకో, టార్పాలిన్ తీస్తాను."

"సస్తే పండుకోను. దాని మంచం మీద నాకు వొద్దు."

మా అత్త తల కొట్టుకుంది. మూలనున్న ఖాళీ సిమెంటు సంచులు పరిచి నన్ను నేల మీదే పడుకోబెట్టింది. మా ఆయన ఫెర్రీవాళ్ళని బతిమాలడానికి జెట్టీకి పరిగెత్తాడు. మా అత్త మంత్రసాని ముసలమ్మని తేవడానికి వాడకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఒలే అసిరీ, బయపడకు. బేగి వొచ్చెత్తాను. మన రత్నం సూసుకుంటాది నిన్ను."

అప్పుడు కూడా ఆ పేరే.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికే చీకటి పడింది. మా చీకటి మెల్లగా రాదు, దుప్పటి విసిరినట్టు పడుతుంది. కిటికీ ఉండాల్సిన కన్నంలోంచి దూరంగా చాతం వైపు మినుకుమనే దీపాలు కాసేపు కనిపించాయి. తర్వాత వాన వాటిని కూడా తుడిచేసింది. పక్క గదుల్లో కప్పు లేదు కదా, గోడల మధ్య నీళ్ళు నిండి చప్పుడు చేస్తున్నాయి. తడి సిమెంటు వాసన. మేకల పెంట వాసన. తుప్పు వాసన. కప్పలు ఆగకుండా అరుస్తున్నాయి.

కప్పలు ఆగిపోయాయి.

ఇంకో వాసన వచ్చింది. పసుపూ, వెల్లుల్లీ, వేడినీళ్ళలో నానిన గుడ్డల వాసన. అది నాకు తెలుసు. పురిటింటి వాసన. ఇంకా ఎవరూ పురుడు పోసుకోని గదిలో ఆ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

నేల మీదికి నీళ్ళొచ్చాయి. సంచులు తడిసి నా నడుం కింద చల్లగా తగిలాయి. ఇలా నీళ్ళలో బిడ్డని కనలేను. పంతం పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచాను. తడుముకుంటూ మంచం దగ్గరికి వెళ్ళాను. టార్పాలిన్ తీద్దామని చెయ్యేశాను.

కింద ఏదో ఎత్తుగా ఉంది. మా ఆయన వలలు దాచాడేమో అనుకున్నాను.

గుండ్రంగా ఉంది. బిగుతుగా ఉంది. వెచ్చగా... ఉంది.

లోపల్నుంచి ఒక చిన్న కాలు నా అరచేతిని తన్నింది.

చెయ్యి లాక్కున్నాను. టార్పాలిన్ మెల్లగా పైకి లేచింది, కిందికి దిగింది. మళ్ళీ లేచింది. ఎవరో రొప్పుతున్నారు.

"నా తరవాతే... నువ్వు," అంది ఒక గొంతు.

"ఎవులది?"

"నాను ముందొచ్చినాను."

వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను. అప్పుడు తెలిసింది, నా నొప్పులు ఆగిపోయాయి. తెరలు తెరలుగా వస్తున్నవి ఒక్కసారిగా ఎవరో కోసేసినట్టు ఆగిపోయాయి. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. పొద్దుటి నుంచి గంతులేస్తున్న నా బిడ్డ కదలడం లేదు. నొక్కాను. తట్టాను. పిలిచాను. కదల్లేదు...

భయం ఎటు పోయిందో గానీ నాకు ఒళ్ళంతా మంట లేచింది.

"దిగు," అన్నాను. "దిగెహె! అది నీ అబ్బ సొత్తా?"

"నా పేరే గదే దీనికి."

"పేరు నీదే. పులుసు నీదే. ముగ్గు నీదే. నా మొగుడు నీ మంచానికే కాపలా. ఇంకేటి కావాలి నీకు?"

ఆవిడ రొప్పుతూనే మెల్లగా అంది.

"నీకోసరం ఒకలు జెట్టీకెల్లినారు... ఒకలు మంత్రసాని కోసరం ఎల్లినారు. నీకు వొస్తారు చెల్లీ. నాకెవులూ రాలేదు. కప్పు పడితే రమ్మన్నారు... మంచమొస్తే రమ్మన్నారు... ఎన్నాళ్ళు మొయ్యాలి?"

అందులో ఏడుపు లేదు, కుళ్ళు ఉంది. కుళ్ళు గొంతులో ఎలా పలుకుతుందో నాకు బాగా తెలుసు. అది నా గొంతే.

"నా బిడ్డని వొదిలీ," అన్నాను.

"మొదుట నాది కానీ."

ఇంక నాకు దారి లేదు. చీకట్లో మంచం దగ్గరికి వెళ్ళాను. ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. ఉప్పునీళ్ళలో చాలా కాలం నానిన చెయ్యి, చర్మం వదులుగా జారుతోంది. వదిలించుకోవాలనిపించింది. వదిలించుకోలేదు. నా కడుపులో కదలని బిడ్డే నా కళ్ళ ముందుంది.

"ముక్కు, అక్కా," అన్నాను. "ముక్కు..."

ఆవిడ ముక్కింది. అదే క్షణంలో నా నొప్పి తిరిగొచ్చింది. ఒక్కసారిగా, ఆగిపోయినవన్నీ కలిసి. నేను మంచం కాలు పట్టుకుని కూలిపోయాను. పైన ఆవిడ అరుస్తోంది, కింద నేను అరుస్తున్నాను. ఏ అరుపు ఎవరిదో తెలియలేదు. ఇనుము కిర్రుకిర్రుమంది. నీళ్ళు... చీకటి... నా చేతిని ఆ చెయ్యి నలిపేస్తోంది...

ఒక ఏడుపు వినిపించింది.

ఊపిరి తీసేలోపు ఇంకొకటి.

ఆ చెయ్యి నన్ను వదిలేసింది. నేను నేల మీద పిచ్చిదాన్లా తడిమాను. నీళ్ళు, సంచి, నీళ్ళు. వేళ్ళకి మెత్తగా తగిలింది. లాక్కున్నాను, గుండెకి హత్తుకుని చీరకొంగు చుట్టేశాను. ఏడుస్తోంది, ఊపిరుంది, ఆడపిల్ల. అంతే చూసుకున్నాను. ఇంకో ఏడుపు దూరం జరిగి గోడ లోపలికి వెళ్ళినట్టు సన్నగిల్లింది.

లాంతరు వెలుగు వచ్చింది. ముందు ముసలమ్మ, వెనక మా అత్త. మంచం మీద టార్పాలిన్ చదునుగా, ముడత లేకుండా ఉంది.

"కవల్లేటే? మెట్ల కాడికి రెండేడుపులు ఇనపడినాయి," అంది మా అత్త.

ముసలమ్మ జవాబు కోసం చూడలేదు. లాంతరు దగ్గరికి తెచ్చి బిడ్డని పరీక్షగా చూసింది. తర్వాత నన్ను చూసింది.

"బొడ్డు ఎవులు కోసినారు?" అంది.

నా దగ్గర కత్తీ లేదు, బ్లేడూ లేదు. పైగా నేను కూలిపోయింది మంచానికి ఇవతల, ఆ బిడ్డ నాకు దొరికింది అవతలి వైపు.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే బాలింతకి మతి చలించిందంటారు. పిల్లకి రత్నం అని పేరు పెట్టారు, నన్నెవరూ అడగలేదు. మా అత్త గడ్డం పుణికి "అచ్చు మా రత్నమే" అని మురిసింది. మా ఆయన గుట్టెక్కడం మానేశాడు. ఎక్కాల్సిన అవసరమేముంది, కావలసింది ఇంటికే వచ్చింది కదా.

ఆ పిల్ల ఆకలికి గుక్కపెట్టి ఏడ్చినా నాకు పాలు పడేవి కావు. సాయంత్రం చీకటి పడ్డాక గుట్ట మీంచి సన్నగా ఒక ఏడుపు వినిపించేది. అప్పుడు మాత్రం నా రవిక తడిసిపోయేది. ఇంట్లో ఇంకెవరికీ ఆ ఏడుపు వినిపించలేదు. కాసేపటికి అక్కడ ఎవరో దాన్ని సముదాయించేవారు, ఏడుపు ఆగేది. నా పాలు మాత్రం ఆగేవి కావు. నా బిడ్డ ఆకలి ఎవరు తీరుస్తున్నారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు పిల్లకి మాటలొచ్చాయి. ఆస్పత్రికి కప్పు మాత్రం రాలేదు. మొన్న మా ఆయనా నలుగురు పెద్దలూ పోర్ట్‌బ్లెయిర్‌లో డెలానీపూర్ ఆఫీసుకి వెళ్ళొచ్చారు. ఈసారి సొమ్ము పడితే ఆ పాచిపట్టిన గోడలు కూలగొట్టి మళ్ళీ మొదట్నుంచి కడతారట. వాడలో ప్రతి ఆడదీ ఆ సొమ్ము రావాలని మొక్కుకుంటోంది. నేను రాకూడదని మొక్కుకుంటున్నాను. గోడలు పోతే లోపలున్నది ఎక్కడికి పోతుంది?

రోజూ చీకటి పడే వేళకి గుట్టెక్కుతాను. పిల్లని ఇంట్లో వదిలితే ఏడుస్తుంది, చంకనేసుకుని వెళ్తాను. కాన్పుల గది గుమ్మం దాటను. అక్కడే నిలబడి చెవులు రిక్కిస్తాను. కాసేపటికి లోపల్నుంచి చిన్న గొంతు వినిపిస్తుంది, "అమ్మా..." అని. నా గొంతుకి దగ్గరగా ఉంటుంది ఆ గొంతు. నాకు ప్రాణం లేచొస్తుంది.

నేను పలికేలోపే లోపల్నుంచి ఇంకొకరు "వొస్తన్నానే, తల్లీ" అంటారు. నా చంకలో ఉన్న పిల్ల, ఆ గొంతు వైపు రెండు చేతులూ చాపుతుంది.