వెలిగిన దీపం, మోగని బెల్

శవం కూర్చుని ఉంది.

చేపలను గడ్డకట్టించే ఫ్యాక్టరీలో పెద్ద ఫ్రీజర్ గది అది. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుని ఉన్నాడు మెకానిక్. అతని తలకు జానెడు ఎత్తున ఎమర్జెన్సీ బటన్ ఉంది. అందులోని ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

తలుపు గడియ బాగుచేయడానికి మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల పనేగదా అని మందపు కోటు వేసుకోలేదు. గడియ లోపలే విరిగింది. తలుపు బిగుసుకుపోయింది. సాయంత్రం సరుకు ఎత్తడానికి వచ్చినవాళ్లు గునపం పెట్టి తెరిచేసరికి అంతా అయిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వంగి శవం పక్కనున్న పనిముట్ల సంచి చూశాడు. జిప్పు బొటనవేలంత మేర తెరుచుకుని ఆగిపోయింది. లోపల సుత్తి ఉంది.

తలుపు చూశాడు. ఒక్క దెబ్బ గుర్తు లేదు.

స్టేషన్లో ఆయన్ని చాటుగా 'మూగనోము సారు' అంటారు. కానీ ఆ సుత్తి మాత్రం చెప్పులో రాయిలా ఆయన వెంటే వచ్చింది.

బటన్ నొక్కితే ప్యానెల్ గదిలో బెల్ మోగాలి. ఎవరైనా వచ్చేదాకా ఆగకుండా మోగాలి. ఆ మధ్యాహ్నం ప్యానెల్ గదిలో ఉన్నది ఆపరేటర్ ఒక్కడే. చచ్చిపోయినవాడికి స్వయానా బావమరిది.

"బెల్ మోగలేదు సార్."

"లోపల బటన్‌లో దీపం వెలిగింది కదా?"

"వెలిగింది. మోగలేదు."

"నిద్రపోయావా?"

"లేదు సార్."

అంతకుమించి అతని నోట మాట రాలేదు. కానీ ఊళ్లో నోళ్లకు కొదవేముంది? ముందురోజు క్యాంటీన్లో బావాబావమరుదులు తగువులాడుకున్నారు. ఆపరేటర్ బైకును బావ అరువు తీసుకెళ్లి అద్దం పగలగొట్టి తెచ్చాడు. అప్పుడు ఆపరేటర్ అన్న మాటను సాక్షులందరూ పొల్లుపోకుండా అప్పజెప్పారు. "ఫ్రీజర్లో ఇరుక్కుని గొంతు చించుకున్నా తలుపు తీయను, పో బావా."

"దానికి మీ బావ ఏమన్నాడు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆపరేటర్ తల దించుకున్నాడు. "నీ వీపు చీరి మీ అక్కే తీయిస్తుందిలేరా, అన్నాడు సార్. అందరం నవ్వాం. నేనూ నవ్వాను."

ఆ అక్క స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. తమ్ముడి ముఖం చూడటం లేదు. అతను మంచినీళ్లు అందిస్తే గ్లాసు ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టర్‌తో ఒక్క మాటే అంది.

"వాడు బెల్ విన్నాడా లేదా, అదొక్కటి తేల్చండి సార్. నాకు తమ్ముడు ఉన్నాడో లేడో తర్వాత నేను తేల్చుకుంటాను."

పైఆఫీసరు ఫోన్ చేసి చివాట్లు పెట్టాడు. దీపం వెలిగితే బెల్ మోగినట్టేనని, పగ ఉన్నవాడు ఆపేసి ఉంటాడని, రేపు సాయంత్రంలోగా హత్యకేసు కట్టి ఆపరేటర్‌ను కోర్టులో నిలబెట్టమని హుకుం. ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చోలేకపోయాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి జీపెక్కాడు.

ఆ బెల్ వ్యవస్థ తయారుచేసింది ఒక చిన్న కంపెనీ. అక్కణ్ణించి వచ్చిన ఇంజనీరును ఫ్యాక్టరీవాళ్లు 'కళ్లజోడు' అంటున్నారు. అతను రాసింది తలుపు సెన్సర్‌ను నడిపే ప్రోగ్రాం. వాళ్ల భాషలో దాని పేరు డ్రైవర్. బటన్‌కు వేరే డ్రైవర్ ఉంది, రాసింది వేరే ఇంజనీరు. రెండూ బటన్‌నూ బెల్‌నూ కలిపే చిన్న కంట్రోలర్ పెట్టె లోపలి కెర్నెల్‌లోనే, అంటే దాని మూల ప్రోగ్రాంలోనే ఉంటాయి.

కళ్లజోడు అప్పటికే రెండుసార్లు బెల్ మోగించి ఫ్యాక్టరీవాళ్లకు చూపించాడు. మూడోసారి ఇన్‌స్పెక్టర్‌కు చూపించడానికి ఒప్పుకున్నాడు. ఇద్దరూ కోట్లు తొడుక్కుని లోపలికి వెళ్లారు. తలుపు మూశారు. కొత్త గడియను ఇన్‌స్పెక్టర్ చాలాసేపు అటూఇటూ తిప్పి చూశాడు. పక్కనే నిలబడ్డ కళ్లజోడు కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

"ఇక నొక్కండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బటన్ చెయ్యి చాపితే అందుతుంది. కానీ కళ్లజోడు తలుపు తెరిచి బయటికెళ్లాడు. కోటు బొత్తాం సరిచేసుకుని మళ్లీ లోపలికొచ్చాడు. తలుపు మూసి నొక్కాడు. దీపం వెలిగింది. అవతల బెల్ గణగణ మోగింది.

"చూశారుగా?" అన్నాడు.

చూశాను, అన్నాడు ఇన్‌స్పెక్టర్. బొత్తాం లోపల కూడా పెట్టుకోవచ్చు కదా అని మాత్రం అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. బటన్ డ్రైవర్ రాసిన ఇంజనీరు ఒక మధ్యవయసు ఆవిడ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె గట్టిగానే చెప్పింది. తన ఫైల్‌ను ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే రివ్యూ కోసం తన దగ్గరికే వచ్చేది. ఏ మార్పునైనా ఇద్దరు చదివి సరే అనకుండా లోపలికి రానివ్వరు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

"మా ఊళ్లో రెండు చేలకు ఒకటే కాలవ ఉండేదమ్మా. పైచేనువాడు తన మడి మునిగిపోతోందని తూము మూశాడు. నా చేనులో ఎవరూ కాలు పెట్టలేదే, ఎందుకు ఎండిందని కిందివాడు నెత్తి బాదుకున్నాడు." ఆగాడు. "మీకూ తలుపు ఇంజనీరుకూ ఉమ్మడి కాలవ ఏదైనా ఉందా?"

ఆమె స్క్రీన్ మీద ఇంకో ఫైల్ తెరిచింది. చదువుతూ చదువుతూ మౌస్ మీద చెయ్యి ఆపేసింది.

మధ్యాహ్నం ప్యానెల్ గదిలో అందర్నీ కూర్చోబెట్టాడు ఇన్‌స్పెక్టర్. కళ్లజోడు, బటన్ ఇంజనీరు, అక్క, కానిస్టేబుల్ పక్కన ఆపరేటర్.

"నేను లోపలికెళ్తాను. బెల్ మోగితే తలుపు తీయండి. మోగకపోతే పావుగంటకు తీయండి."

"గడియ మళ్లీ విరిగితే సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"గునపం నీ చేతికే ఇచ్చానుగా."

తలుపు మూసుకుంది. ఫ్యాన్ల హోరు. కోటు ఉన్నా చలి ఎముకలు కొరుకుతోంది. ఇన్‌స్పెక్టర్ కదలకుండా నిలబడ్డాడు. బాగా ఆగి, ఒక్కసారి నొక్కాడు.

దీపం వెలిగింది.

కింద పలక మీద పెద్ద అక్షరాలు. ఒకసారి నొక్కండి. దీపం వెలిగితే పిలుపు అందినట్టే. రెండోసారి నొక్కితే రద్దవుతుంది.

ఎవరూ రాలేదు. ఇదంతా తను వేసిన ఎత్తేనని తెలిసినా, ఆ ఎర్రదీపాన్ని చూస్తుంటే ఇప్పుడొస్తారు, ఇదిగో వచ్చేస్తారు అనిపించింది. మళ్లీ నొక్కడానికి చెయ్యి లేవలేదు. కాళ్లు వాటంతటవే గోడ దగ్గర కూర్చోమంటున్నాయి.

తలుపు తెరిచింది కానిస్టేబుల్. ముఖం పాలిపోయి ఉంది.

"మోగలేదు సార్. అసలు మోగలేదు."

ఇన్‌స్పెక్టర్ చేతులు రుద్దుకుంటూ వచ్చి బటన్ ఇంజనీరు వంక చూశాడు. ఆమె తడబడుతూనే విడమరిచింది. కాసేపు ఏ అలికిడీ లేకపోతే కంట్రోలర్ నిద్రపోతుంది. తలుపు తెరిచినా, బటన్ నొక్కినా లేస్తుంది. లేచేటప్పుడు తలుపు సెన్సర్ దొంగ సంకేతాలిచ్చి ఉత్తుత్తి బెల్లులు కొట్టించేది. అందుకని, లేవగానే అంతకుముందు వచ్చిన సంకేతాలన్నీ చెరిపెయ్యమని కళ్లజోడు ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చేర్చాడు. చేర్చింది తలుపు ఫైల్లో కాదు. రెండు డ్రైవర్లూ వాడుకునే ఉమ్మడి ఫైల్లో.

"నిద్రలేపిన పిలుపును కూడా అదే చెరిపేసింది," అంది. "దీపం స్విచ్‌దే. దానికీ ప్రోగ్రాంకీ సంబంధం లేదు. రివ్యూ చేసిన ఇద్దరూ తలుపు డ్రైవర్ పని చూసేవాళ్లే. తలుపు బాగుందా అని చూశారు. ఉమ్మడి ఫైల్ కదా, అందరూ చూస్తారనుకున్నాం. నేనూ చూడలేదు."

"తలుపు తెరిచి వెంటనే నొక్కితే?"

"అప్పటికే మేలుకుని ఉంటుంది. మోగుతుంది."

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు వైపు తిరిగాడు.

"నిన్న బటన్ మీ భుజం పక్కనే ఉంది. మీరు ముందు తలుపెందుకు తెరిచారు?"

"కోటు... బొత్తాం..."

"మూడుసార్లూ తలుపు తెరిచి లోపలికొచ్చిన వెంటనే నొక్కారు. మూడుసార్లూ బొత్తామేనా?"

కళ్లజోడు ఒప్పుకున్నాడు. శవం దొరికిన సాయంత్రమే తన తప్పు తెలిసిందన్నాడు. వాళ్లిద్దరికీ గొడవుందని అందరూ అంటుంటే నోరు మెదపలేదన్నాడు.

"చంపింది పొరపాటు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దాన్ని ఈ కుర్రాడి మెడకు తగిలించింది మీరు. జీపెక్కండి."

కానిస్టేబుల్ ఆపరేటర్ భుజం మీద నుంచి చెయ్యి తీసేశాడు. అయినా అతను లేవలేదు.

"సార్... బావ నేను రాననే అనుకుని ఉంటాడా? ఆ మాట తలుచుకునే పోయాడా?"

అక్క మొదటిసారి తలెత్తింది.

ఇన్‌స్పెక్టర్ మూల నుంచి పనిముట్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. జిప్పు బొటనవేలంత మేర తెరిచే ఉంది.

"నువ్వు రావనుకుంటే నొక్కకముందే సుత్తి తీసేవాడు. తలుపు సొట్టలుపోయేది. వేళ్లు కొయ్యబారేదాకా జిప్పు ముట్టుకోలేదు మీ బావ. వస్తావనే కూర్చున్నాడు."

అక్క లేచి వచ్చింది. సంచి భుజాన వేసుకుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని లేపింది.

"పద. బైకు అద్దం సంగతి ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."