గ్రహం 27: ఆఖరి లైఫ్

"గ్యాస్ బంద్ జేసిన్నా లేదా, యాదికొస్తలేదన్నా. పాప బడి నుంచొచ్చి స్విచ్చేస్తే ఏమైతది?"

ఇయర్‌పీస్‌లో తోటి ఏజెంట్ మహిపాల్ నవ్వాడు. "దేశం మీదికి గండమొచ్చింది చెల్లె. నీకు గ్యాస్ ఫికరా?"

"దేశానికి మనమిద్దరం ఉన్నం. పాపకెవరున్నరు?"

ఏజెంట్ సంతోషి అంతే. లిఫ్టెక్కితే తాడు తెగుతుందని, మెట్లెక్కితే కాలు జారుతుందని భయం. ఆ భయమే పదకొండేళ్లుగా ఆమెను బతికించింది. ఆమె ఎన్నడూ చెడు ఊహించనిది ఒక్క మహిపాల్ గురించే. చిన్నప్పుడు నాచారంలో పక్కపక్క ఇళ్లు. ఆదివారం పూట ఒకే టీవీ, ఒకే వీడియో గేమ్.

పొద్దున బ్రీఫింగ్ నాచారంలోనే, మోటార్ వైండింగ్ షాపు వెనక గదిలో జరిగింది. చీఫ్ గంగాధరరావు నీళ్లు నమలలేదు.

"'గ్రహం 27' సైన్స్ ఫిక్షన్ సీరియల్ గుర్తుందా? దాని మీద వచ్చిన పాత వీడియో గేమ్‌తో ఉప్పల్ మాల్‌లో పోటీ పెట్టారు. ఆ క్యాసెట్‌లో విదేశీ ముఠా చిప్ దాచింది. ఆఖరి లెవెల్ గెలిస్తే అందులోని మన రాడార్ ఫ్రీక్వెన్సీలు దేశం దాటుతాయి."

"వైరు పీకేస్తే సార్?" అంది సంతోషి.

"పీకినా దాటుతాయి. ఓడితేనే చిప్ కాలిపోతుంది. యాంకర్ బిందుమాధవి మన మనిషి. ముఠా ఆటగాడి బదులు మహిపాల్‌ను కూర్చోబెడుతుంది. మహిపాల్, నువ్వు ఓడాలి."

మధ్యాహ్నం మాల్‌లో సంతోషి పాప్‌కార్న్ అమ్మే వేషంలో నిలబడింది. స్టేజీ మీద వెండిరంగు గౌనులో బిందుమాధవి. పెద్ద తెర మీద మహిపాల్ ఓడ శత్రునౌకలను చీల్చుకుంటూ పోతోంది.

ఆఖరి లెవెల్ వచ్చింది. శత్రునౌకకు నాలుగు దెబ్బలు మిగిలాయి. మహిపాల్‌కు ఒకే లైఫ్.

"అన్నా, చాలు. ఇగ ఓడిపో," అంది సంతోషి మైక్‌లో.

మహిపాల్ ఇయర్‌పీస్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

మూడు దెబ్బలు. బిందుమాధవి అతని భుజం మీద చెయ్యేసింది. "కొట్టు మహీ! అయిపోయింది, కొట్టెయ్!"

'మహీ' అన్న ఆ పిలుపు ఇవాళ్టి పరిచయంలోది కాదని సంతోషికి అర్థమైంది.

రెండు. చుట్టూ జనం, పిస్టల్ తీసి లాభం లేదు. ట్రే వదిలేసి స్టేజీ ఎక్కింది. రెండో రిమోట్ ఖాళీగా ఉంది. ఈ ఆటలో మధ్యలో చేరిన వాళ్లు రెండు బటన్లు కలిపి నొక్కితే మొదటివాడి లైఫ్ వాళ్లకొస్తుంది. నాచారం పిల్లలకు దాని మీద ఒక కట్టుబాటు ఉండేది: అడగకుండా లైఫ్ తీసుకోకూడదు. తీసుకున్నవాడితో నెల రోజులు ఎవరూ మాట్లాడరు.

ఒక్క దెబ్బ.

సంతోషి అడగలేదు. నొక్కింది. మహిపాల్ ఓడ మాయమైంది. తన ఓడను నేరుగా శత్రువు కాల్పుల్లోకి తోలి పేల్చేసుకుంది.

గేమ్ ఓవర్. క్యాసెట్ నుంచి సన్నగా పొగ లేచింది.

"ఎవరు నువ్వు? దిగు!" అరిచింది బిందుమాధవి.

"పాప్‌కార్న్ అమ్మేదాన్ని మేడమ్. నీ ఆట అయిపోయింది," అంది సంతోషి, ఆమె చేతికి బేడీ తగిలిస్తూ.

బిందుమాధవిని వేరే బండిలో ఎక్కించారు. బేడీలు వేసిన మహిపాల్‌ను, సంతోషిని తీసుకుని వ్యాన్ ఉప్పల్ నుంచి కదిలింది.

"ఎందుకన్నా?"

హబ్సిగూడ సిగ్నల్ రెండుసార్లు పడింది.

"అమ్మతోడు, నిన్ను తప్ప అందర్నీ అనుమానించిన. ఎందుకన్నా?"

నాచారం వచ్చింది. వైండింగ్ షాపు ముందు వ్యాన్ ఆగింది. డ్రైవర్ దిగి తలుపు తీశాడు. మహిపాల్ దిగలేదు. బేడీల వంక చూసుకుంటూ నోరు విప్పాడు.

"ఆమె ఒక్కతే నన్ను గెల్వమన్నది చెల్లె. మీరందరు ఓడిపొమ్మన్నరు."