తొండి

కొత్వాల్‌గూడ అవతల కొత్త వెంచర్‌ల ఒక మోటబావి ఉన్నది. నక్షల దాని జాగల పిల్లల పార్కు చూపిచ్చిన్రు గని, బావి బావి లెక్కనే ఉన్నది. గోడ లేదు, మూత లేదు, ఒక పక్కన దిగెటందుకు రాతి మెట్లు, లోపల సగందాక రాళ్లు, మట్టి. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వరు పోరు. పోతే లోపల్నుంచి పేరు పెట్టి పిలుస్తదట... "జర చెయ్యియ్యన్నా" అంటదట. గొంతు మనకు తెలిసినోళ్లదే ఉంటదట. పోయి చెయ్యి ఇచ్చినోడు మళ్ల ఇంటికి రాడట.

అట, అట, అట! ఎవరు చెప్పిన్రు అంటే మాత్రం ఒక్కని నోరు లేవదు. చెప్త, ఇనుండ్రి.

సుధీర్‌ది తెనాలి దిక్కు. ఎయిర్‌పోర్టు కాడ సరుకుల ఆఫీసుల నౌకరి, శంషాబాద్‌ల కిరాయి ఇల్లు. పెండ్లయి బిడ్డ ఉన్న మనిషికి బొమ్మ సిపాయిల పిచ్చి! బొటనేలంత సిపాయిలు, గుర్రాలు, ఫిరంగులు. అదే ఆఫీసుల పనిచేసే కొత్వాల్‌గూడ ఉపేందర్‌కు గూడ అదే పిచ్చి. ఆదివారమొస్తె ఇద్దరు ఆ వెంచర్ మట్టిల కూసుంటరు. ఇసుకతోని కోటలు, రాళ్లతోని గుట్టలు కట్టి, టేపుతోని కొలుసుకుంట, పాచికలు ఏసుకుంట యుద్ధం చేస్తరు.

నెత్తి మీద విమానాలు దిగుతుంటయి. ఆ మోతల మాట ఇనవడదు గద, అందుకని ఒక రూలు పెట్టుకున్నరు — విమానం పోయిందంటె చాన్సు మారాలె. ఇంకో రూలు — ఆట ఒడవకముందే మైదానం ఇడిసి లేసినోడు ఓడినట్టే. ఒంటికి పోతే మాత్రం మాఫీ.

ఉపేందర్ ఆట మంచిగనే ఆడుతడు గని, ఉత్త తొండి మనిషి. ఓడిపోతున్న అనిపిస్తె చాలు, కాలు తగిలి కోట కూలుతది, ఇంటికాడికెల్లి ఫోన్ వస్తది, కడుపు నొస్తది. గెలిసినోడు ఓడినోని సేనాపతిని తీస్కపోవాలె, అది వాళ్ల పందెం. పోయినసారి గట్లనే తొండి చేసి సుధీర్ సేనాపతిని గుంజుకున్నడు.

తెల్ల గుర్రం మీద సేనాపతి. వానికి రంగులేసింది సుధీర్ బిడ్డ సాహితి. సెలవులన్ని కదలకుంట కూసోని ఏసింది. బొమ్మ పోయిందని తెలిసి పిల్ల అన్నం ముట్టలే.

"ఈసారి తెచ్చేస్తాను తల్లీ," అని సుధీర్ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. ఇగ వాని మనసుల అదొక్కటే ఉన్నది.

ఆ రోజు సుధీర్ గెలుస్తున్నడు. చీకటైతే బ్యాటరీ లైటు పెట్టుకున్నరు. ఉపేందర్ సిపాయిలు ఒక్కొక్కడే పండుకుంటున్నడు. ఉపేందర్ మొఖం మాడింది. గుంజుకున్న సేనాపతిని అంగి జేబులకెల్లి తీసి చూసి, మళ్ల జేబుల ఏసుకున్నడు. అప్పుడు మెల్లగ అందుకున్నడు...

"అన్నా... గా బావి సంగతి ఎరుకేనా నీకు?"

"ఏ బావి?"

"గదే... నీ ఎనుక. పొద్దుగూకినంక పేరు పెట్టి పిలుస్తది. చెయ్యియ్యమంటది. గొంతు మనకు తెలిసినోళ్లదే ఉంటది... మోసపోవద్దన్నా."

సుధీర్‌కు ఒళ్లు జల్లుమన్నది. "చాల్లే, నోర్ముయ్యి," అన్నడు గని, మెడ ఎనుకకు తిప్పలేకపాయె.

"జర ఒంటికి పోయొస్త," అని ఉపేందర్ లేసి చీకట్ల కలిసిండు.

విమానం ఒకటి నెత్తి మీదికెల్లి పోయింది. భూమి అదిరింది. ఆ మోత తగ్గినంక —

"అన్నా..."

సుధీర్ చేతిలకెల్లి పాచిక జారి పడ్డది.

"సుధీరన్నా... జర చెయ్యియ్యన్నా..."

బావిలకెల్లే! ఆంజనేయ దండకం యాది చేసుకుంటె మొదటి ముక్కనే యాదికి రాదాయె. లేసి ఉరుకుదామని మోకాలు ఎత్తిండు... ఎత్తి, ఆగిండు.

లేస్తే ఓడినట్టే గద!

ఓర్నీ... ఇది ఉపేందర్ గొంతే! భయం పోయి కోపమొచ్చింది, కోపం పోయి నవ్వొచ్చింది సుధీర్‌కు.

"తొండి!" అని అరిచిండు. "నేను లేవను. నీ నాటకాలు నా దగ్గర సాగవు."

"తొండి కాదన్నా... నీ మీద ఒట్టు... నిన్ను బెదిరిద్దామనే వచ్చిన... కాలు జారి పడ్డ... తొడ ఇరిగిందన్నా..."

"అబ్బో! బాగుంది. ఇంకొంచెం ఏడువు."

ఇంకో విమానం వచ్చింది. లోపల ఉపేందర్ ఏమేమో అరుస్తనే ఉన్నడు, అంత మోతల కలిసిపోయింది. సుధీర్ ఆరాంగ పాచికలేసి వాని ఫిరంగిని పడగొట్టిండు.

"నీ చాన్సు పోయింది ఉపేందర్! వచ్చి ఆడతావా, నీది కూడా నన్నే ఆడమంటావా?"

"గెలిసినవ్ పో అన్నా... నీ బొమ్మ నా జేబులనే ఉన్నది... తీస్కపో... ఒక్కసారి రా..."

"ఇక్కడికొచ్చి చెప్పు, ఒప్పుకుంటాను."

రాళ్లు జారిన సప్పుడైంది. ఎవరో పైకి పాకుతున్న సప్పుడు... మూలుగు... "అమ్మా" అన్న మాట. అది ఇంటుంటె సుధీర్‌కు మస్తు ఖుషీ అయింది. ఇన్నొద్దులు తనను ఏడిపిచ్చినోడు ఏడుస్తున్నడు గద, ఏడువనీ అనుకున్నడు.

మళ్లొక విమానం పోయింది. అది పోయినంక బావిల సప్పుడు లేదు.

సుధీర్ ఉపేందర్‌ది ఆఖరి సిపాయిని గూడ పండవెట్టి, సామానంత డబ్బల సదిరి, ఫోన్ లైటు ఏసుకోని బావికాడికి నడిసిండు. వాన్ని ఎక్కిరిద్దామని మాటలు గూడ తయారు చేసుకున్నడు.

బావి ఒడ్డున రాయి మీద సేనాపతి నిలబడి ఉన్నడు. తెల్ల గుర్రం మొఖం సుధీర్ దిక్కే ఉన్నది.

దాని కింద, రాతి మెట్ల పొంటి, తడి నెత్తురు. ఇరిగిన కాలుతోని ఒడ్డుదాక పాకిండు ఉపేందర్. బొమ్మనైతే పైన పెట్టిండు... తనను గుంజెటోడు లేక మళ్ల పడ్డడు. కింద రాళ్ల మీద ఎల్లెలకల ఉన్నడు. పాణం ఉన్నదో పోయిందో సుధీర్ చూడలే. మొదలు ఒంగి బొమ్మను తీసి జేబుల ఏసుకున్నడు. ఆ తర్వాతనే ఫోన్ చేసిండు.

పోలీసులు వచ్చిన్రు. "అరుపులు ఇనవడలేదా?" అని అడిగిన్రు.

"వినపడ్డాయండీ," అన్నడు సుధీర్ వణుక్కుంట. "కానీ ఆ బావిలో దెయ్యం పిలుస్తుందని ఈ ఊళ్లో చెప్పుకుంటారు కదండీ... అదే అనుకున్నాను."

అయ్యో పాపం అన్నరు అందరు. కానిస్టేబుల్ గూడ బావికి జర దూరం జరిగిండు.

అంతకుముందు కొత్వాల్‌గూడల ఆ బావి పిలుస్తదని ఇన్నోడు ఒక్కడు లేడు. ఓడిపోకుంట ఉండుటానికి ఉపేందర్ అప్పటికప్పుడు అల్లిన కథ అది. ఊరంత పాకిచ్చినోడు సుధీర్. ఈ సంగతి అదే ఆఫీసుల పనిచేసే దశరథంతోని తాగిన మత్తుల సుధీరే కక్కిండు. ఇంకో ముచ్చట గూడ చెప్పిండు.

తెల్లారి సాహితి లేసి చూస్తే దిండు పక్కన సేనాపతి! పిల్ల ఎగిరి గంతేసింది. బొమ్మను అటిటు తిప్పి, కిటికీకాడ ఎలుగుకు పట్టుకున్నది.

"నాన్నా, గుర్రం మెడ మీద ఈ ఎర్రరంగు నేను వెయ్యలేదే. ఎవరు వేశారు?"

సుధీర్ కాఫీ తాగుతున్నడు. గ్లాసు కింద పెట్టలే.

"ఉపేందర్ అంకుల్ వేశాడమ్మా."

"బాగుంది," అన్నది సాహితి. "అంకుల్‌కి థాంక్స్ చెప్పు నాన్నా."